మైనస్ ఎనభై

బల్లార్షాల మే నెల.
పగలు నలభై ఏడు. రాత్రి పదకొండుకు గూడ
గోడ మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే.
ఆ గోడ పక్కనే నా లాప్‌టాప్.

నాగ్‌పూర్‌ల సెకండ్ హ్యాండ్ కొన్నది, ముప్పై ఎనిమిది వేలు.
మూత మీద ఎవరిదో గీసిన పేరు,
మరాఠీల, సగం చెరిపి ఉన్నది.
అడుగున గాలి ఆడాలని నాలుగు క్యారం కాయిన్లు,
మూడు నల్లవి, ఒకటి ఎర్రది.

ఆట మొదలైన పది నిమిషాలకు
తొంభై ఏడు డిగ్రీలు.
ఫ్యాను నీళ్లందని మోటరు లెక్క ఏడుస్తది.
నాలుగు గిగాహెర్ట్జ్‌ల పరుగు
ఒక్కపారి ఒకటిన్నరకు కూలబడుతది.
ఎత్తిన తుపాకీ ఎత్తినట్టే ఉంటది,
ఎదుటోడు వచ్చి, కాల్చి, పోయినంక
నా గుండు పేలుతది.
"కాయ్ కర్తేస్ గ!" చెవుల ప్రజ్వల్ గేడాం తిట్లు.
నేను మైక్ ఆఫ్‌లనే ఉంట.

మొదట్ల నేను గూడ అందరి తీరే.
గ్రాఫిక్స్ కార్డుకు నూట యాభై ఎక్కువ పెట్టిన,
ఇంకింత, ఇంకింత అనుకుంట స్లైడర్ జరిపిన.
ఆశకు కుడిపక్క దారి ఒక్కటే తెలుసు.
కాలిన ప్లాస్టిక్ వాసనొచ్చిన నాడు
భయపడి అడుగు మూత విప్పిన.

లోపల మా ఊరే ఉన్నది.
ఫ్యాను రెక్కల మీద సన్నటి నల్లపొడి,
దండెం మీది బట్టలకు పట్టేదే,
బాపు దువ్వెన పండ్లల్ల ఇరికేదే.
పాత టూత్‌బ్రష్‌తోని దులిపిన.
ఎండిన పేస్టు గీకి, శెనగగింజంత కొత్తది పెట్టిన.
ఆరు డిగ్రీలు దిగింది. సరిపోలే.

అప్పుడు వోల్టేజీ దిక్కు తిరిగిన.
వేగం ముట్టలేదు, మేత తగ్గించిన.
మైనస్ ముప్పై. బతికింది.
మైనస్ అరవై. చల్లబడ్డది.
మైనస్ నూట పది. నీలి తెర, ఏడుపు మొఖం బొమ్మ.
ప్రజ్వల్‌ది నూట ఇరవైకి గూడ నిలబడ్డదట.
అదే కంపెనీ, అదే నంబరు.
ఒక్క కడుపుల పుట్టినోళ్లు ఒక్క తీరుంటరా?
మూడు రాత్రులు కరెంటు బిల్లు ఎనుక
అంకెలు రాసుకుంట కూసున్న.
దీనిది ఎనభై.

సెకండ్ షిఫ్టు దిగి వచ్చిండు బాపు,
గట్టయ్య, డంపర్ ఆపరేటర్.
తువ్వాలతోని మెడ తుడుచుకుంట నిలబడ్డడు.
"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"
"కరెంటు తక్కువిస్తున్న. పని అంతే చేస్తది, ఉడకది."

నవ్వుతడనుకున్న.
పోయినేడు ఇదే నెలల, గని అడుగున,
ఏసీ చెడిపోయిన కేబిన్ల
తొమ్మిది ట్రిప్పులైనంక పదోది కొట్టబోయి
స్టీరింగు మీదికి ఒరిగిండు.
దవాఖాన కాగితం మీద గూడ ఒక అంకె ఉన్నది: నూట ఆరు.
"మా సార్లకు టార్గెట్ పెంచుడే వచ్చు," అన్నడు.
కొంచెం ఆగి, "మరి ఎంత తగ్గిస్తె పడిపోతదో
ఎట్ల తెలిసింది నీకు?"

"పడిపోయినంకనే."

కూలర్ల నీళ్లు అయిపోయినయ్,
గడ్డి పలకల పొడి వాసన.
ఇద్దరం లేవలేదు.
కిటికీల దూరంగ పవర్ స్టేషన్ ఎర్ర దీపాలు.
బాపు మోసిన బొగ్గే అక్కడ కాలి
తీగెల మీద మా ఇంటికొచ్చి
నా అరచేతుల కింద మళ్ల వేడైతున్నదేమో.
ఎవరు లెక్క కట్టిండ్రు.

ఆట తెరిచిన. ఎడారి మ్యాపు.
మూలకు అంకె: ఎనభై రెండు. ఇగ కదలలే.
స్టూలు గుంజుకొని పక్కన కూసున్నడు.
"ఇండ్ల నువ్వెవ్వలు?"
చూపిచ్చిన. ఇసుకల, కూలిన గోడ చాటున
వంగి కూసున్న మనిషి.

"ఆ నీడకే ఉండు కొద్దిసేపు," అన్నడు బాపు,
"ఎండ దిగనీ."